పిన్ని చెప్పిన కౌంటు

తోక పట్టుకుని పైకెత్తి, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "ముప్పై కౌంటు సరుకే ఇది" అంది మా పిన్ని.

హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో, జపాన్ వాళ్ల భోజనశాలలో కూర్చుని ఉన్నాం. మా అమ్మాయికి ఉద్యోగంలో ఒక మెట్టు పైకి వచ్చిందని మమ్మల్ని తీసుకెళ్లింది. నేను, మా వారు, వేసవికి మా ఇంటికొచ్చి ఉన్న పిన్ని. ఆవిడకి డెబ్బై దాటాయి. నల్లరాతి పళ్లెంలో కాగితం పరిచి, దాని మీద నాలుగు రొయ్యల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి తెచ్చారు. పళ్లెం 1,800 రూపాయలు. అంటే రొయ్య ఒక్కింటికి నాలుగు వందల యాభై. ఈ లెక్క నేను మనసులో కట్టుకున్నాను గానీ పైకి అనలేదు. పిల్ల డబ్బు పెట్టి సంతోషంగా తినిపిస్తుంటే ధరలు చదవకూడదని మా వారు కారులోనే హెచ్చరించారు మరి.

మా అమ్మాయికి కౌంటంటే తెలియలేదు. "కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు అమ్మడూ. ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై. ఇరవై అంటే ఇంకా పెద్దవి" అని పిన్ని చెప్పింది. చెప్పి ఆ రొయ్యని మళ్లీ చూసింది. "అయినా ఇదేంటే, ఇంత తిన్నగా ఉంది? నూనెలో పడ్డ రొయ్య చుట్ట చుట్టుకోవాలి గదా!"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను చాలా దూరం వెళ్లాను. ఆ దూరమే ఇక్కడ రాస్తున్నాను.

మాది అమృతలూరు. సముద్రం మాకు కనిపించేంత దగ్గర కాదు, ఊరికి వరి, తర్వాత మినుము, అంతే. రొయ్య మాకు బుట్టలో వచ్చేది. రేపల్లె వైపు ఆడవాళ్లు పొద్దున్నే రైలెక్కి వేమూరులో దిగి, తట్టలు నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగేవాళ్లు. పచ్చివైతే కాలవ రొయ్యలు, చిటికెన వేలంత. లేదంటే ఎండు రొయ్యలు, గోంగూరలోకో వంకాయలోకో. అరచేతి పొడుగు రొయ్య ఒకటుంటుందని మాకు తెలిసిందే పిన్ని పెళ్లయ్యాక. ఆవిడని రేపల్లె దాటి నిజాంపట్నం వైపు ఒక ఊరికి ఇచ్చారు.

నిజాంపట్నం పేరు వినగానే మనకి ఇప్పుడు పడవలు, ఐసు, తుఫాను హెచ్చరిక జెండాలు గుర్తొస్తాయి. నాలుగు వందల ఏళ్ల కిందట దాని పేరు పెదపల్లి. తెల్లవాళ్లు పెటపోలి అని రాసుకున్నారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ వచ్చి ఆగింది. వాళ్లు వచ్చింది గుడ్డ కోసం. ఆ ఇసక నేలల్లో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదని పేరు. ఆ డచ్చి కంపెనీయే జపానులో కూడా వ్యాపారం చేసేది. మన కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు వాళ్ల ఓడల్లో అక్కడిదాకా వెళ్లాయి. జపాను వాళ్లు వాటిని సరసా అని పిలిచి, చిన్న ముక్కల్ని కూడా తేనీటి వేడుకల సామాను చుట్టి దాచుకునేవాళ్లట. కాబట్టి మన తీరం సరుకు జపాను వెళ్లడం ఇప్పటి సంగతి కాదు. అప్పుడు గుడ్డ, తర్వాత రొయ్య.

ముందు ఆ వంటకం సంగతి చెప్పాలి. దాని పేరు తెంపురా. చూస్తే మన బజ్జీకి మేనత్త కూతురులా ఉంటుంది. శనగపిండి బదులు గోధుమపిండి, ఉప్పూ కారం ఉండవు, పిండిని మంచులాంటి చల్లటి నీళ్లతో కలిపీ కలపనట్టు కలిపి వెంటనే నూనెలో వేస్తారు. అందుకే పైపొర కాగితంలా తేలిగ్గా ఉంటుంది. ఇంతా చేసి ఇది జపాను వాళ్ల సొంతం కాదట. 1543లో పోర్చుగీసువాళ్లు ఆ దేశంలో అడుగుపెట్టాక, వాళ్ల దగ్గర నేర్చుకున్న వేపుడు. ఆ పోర్చుగీసువాళ్లే ఆ శతాబ్దంలోనే మన దేశానికి మిరపకాయ తెచ్చారు. వాళ్లు నూనెమూకుడు పట్టుకున్నారు, మనం మిరపకాయ పట్టుకున్నాం. గుంటూరు జిల్లావాళ్లం, మనం నష్టపోయామని నేననుకోను.

సుషీ గురించి ఎక్కువ రాయను. మొదట్లో అది చేపని ఉప్పు పెట్టి అన్నంలో నెలల తరబడి పులియబెట్టి నిలవ చేసే పద్ధతి. అన్నం పారేసి చేప తినేవాళ్లు. ఇప్పుడున్న రూపం, అంటే పులుపు కలిపిన అన్నం ముద్ద మీద తాజా చేప ముక్క, 1820ల్లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, బండి మీద అమ్మే చిరుతిండిగా కుదురుకుంది. మా వారికి ఆ అన్నం నచ్చలేదు. బాపట్లలో పుట్టిన 5204 రకం అన్నం తిని పెరిగినవాళ్లం, మెతుకుకి మెతుకు అంటుకుంటే అన్నం మెత్తబడిపోయిందని వండినవాళ్లని అంటాం. అక్కడ అంటుకోకపోతే తప్పు. పక్కన పెట్టిన ఆకుపచ్చ ముద్ద, వసాబి, ఆవాల కుటుంబానిదే. నాలిక మీద కాకుండా ముక్కులోంచి నెత్తికెక్కితే పిన్ని కళ్లు తుడుచుకుంటూ "ఆవ ఎక్కువైంది వీళ్లకి" అంది. సరిగ్గా చెప్పింది.

ఇక రొయ్య. జపాను భాషలో ఎబి. వంగిన నడుము, పొడుగు మీసాలు ఉంటాయి కాబట్టి అది నూరేళ్లు బతికిన ముసలాయనకి గుర్తు. ఉడికితే ఎర్రబడుతుంది కాబట్టి శుభం. కొత్త సంవత్సరం పళ్లెంలో, పెళ్లి విందులో అది ఉండాల్సిందే. కానీ వాళ్ల సముద్రంలో దొరికే రొయ్య వాళ్లకి చాలదు. 1961లో జపాను ప్రభుత్వం రొయ్యల దిగుమతి మీద ఉన్న ఆంక్షలు ఎత్తేసింది. యుద్ధంలో బూడిదైన దేశం అప్పుడప్పుడే చేతిలో డబ్బు చూస్తోంది. పండక్కి తినే రొయ్య వారానికోసారి తినే రొయ్య అయింది. 1980లకి ప్రపంచంలో రొయ్యలు కొనేవాళ్లలో జపానుది ముందు వరస. 1988లో మురాయ్ యోషినోరి అనే ఆయన 'ఎబి తో నిహోన్‌జిన్', అంటే రొయ్యలూ జపాను వాళ్లూ, అని చిన్న పుస్తకం వేశాడు. మా పళ్లెంలోకి వస్తున్న ఈ రొయ్య ఎవరి తీరంలోంచి వస్తోంది, అక్కడి జనం ఏమవుతున్నారు అని ఇండోనేషియా లాంటి చోట్లకి వెళ్లి చూసి రాశాడు. తినేవాడి వైపు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న అది. మా వైపు నుంచి నేను అడగడానికి ఇన్నాళ్లు పట్టింది.

సముద్రంలో పట్టేది చాలక చెరువుల్లో పెంచడం మొదలైంది. గుడ్ల నుంచి పిల్లల్ని తీయడం జపాను శాస్త్రవేత్త ఫుజినాగా 1930ల్లోనే తమ దేశపు రొయ్యలో సాధించాడు. ఆయన దారిలోనే తైవాన్‌లో లియావో అనే ఆయన 1968లో నల్లచారల పెద్ద రొయ్యకి అదే చేసి చూపించాడు. దాన్నే మనవాళ్లు టైగర్ రొయ్య అంటారు. తైవాన్ చెరువులతో నిండిపోయి, 1987, 88ల్లో రోగాలొచ్చి కుప్పకూలింది. అప్పుడే ఇంకో సంగతి జరిగింది. 1988 సెప్టెంబరులో జపాను చక్రవర్తి హిరోహితో మంచం పట్టారు. 1989 జనవరి 7న పోయారు. ఆ నెలలన్నీ ఆ దేశంలో జనం విందులు, వేడుకలు మానుకున్నారు. వేడుకల్లేకపోతే రొయ్య లేదు. గోదాముల్లో సరుకు పేరుకుపోయి ప్రపంచమంతా ధర పడిపోయింది. ఒక దేశంలో రాజు జబ్బు పడితే వేల మైళ్ల అవతల ఉప్పుటేటి గట్టున రైతు గుండె జారింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను.

తైవాన్ పడిపోయింది కాబట్టి కొనేవాళ్లు కొత్త తీరాలు వెతుక్కున్నారు. మన దగ్గర సముద్ర ఉత్పత్తుల ఎగుమతికి ఎంపెడా అనే సంస్థ 1972లోనే వచ్చింది. అది 1989లో భీమునిపట్నం దగ్గర టాస్పార్క్ అనే పేరుతో రొయ్యపిల్లల కేంద్రం పెట్టించింది. 1990లు మొదలయ్యేసరికి నెల్లూరు నుంచి కృష్ణా, గోదావరి జిల్లాల దాకా తీరమంతా జోరందుకుంది. నిజాంపట్నం వైపు ఆడవాళ్లు, పిల్లలు దోమతెర లాంటి వలలతో ఏటిలో నిలబడి సీడు పట్టేవాళ్లట. పిల్లకింత అని లెక్క.

మా బాబాయి 1992లో రెండున్నర ఎకరాల వరిచేను చెరువు తవ్వించాడు. మొదటి పంట బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. ముప్పై కౌంటు కిలో మూడొందల పైమాటేనని పిన్ని చెబుతుంది. ఆ రోజుల్లో మా నాన్న బస్తా వడ్లకి ఎంత తెచ్చుకునేవాడో తెలిసిన ఎవరికైనా తల తిరుగుతుంది. బాబాయి స్కూటరు కొన్నాడు. మా అందరికీ పండక్కి బట్టలు పెట్టాడు. పక్క రెండెకరాలు కౌలుకి తీసుకుని ఇంకో చెరువు వేశాడు. దానికి డబ్బు చాలక పిన్ని మా అమ్మ దగ్గరకొచ్చింది. అమ్మ తన ఆరు కాసుల గొలుసు తీసిచ్చింది. బ్యాంకులో పెట్టి, పట్టుబడి కాగానే విడిపిస్తామన్నారు.

అది 1994. పిల్లల్ని వదిలిన మూడో నెలలో ఒక పొద్దున రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలాయి. ఒళ్లు ఎర్రబారి ఉంది, డిప్ప మీద తెల్లటి చుక్కలు. మర్నాటికి ఇంకొన్ని. వారం తిరక్కుండా చెరువు ఖాళీ. తెల్లమచ్చ రోగం అని తర్వాత పేరు తెలిసింది. అది వైరస్. 1992 ప్రాంతాల్లో తైవాన్, చైనాల్లో కనబడి, 1993లో జపాను సొంత చెరువుల్నే తినేసి, ఏడాది తిరిగేసరికి మన తీరానికి వచ్చింది. మందు లేదు. ఇప్పటికీ లేదు. పక్కవాళ్లు నీళ్లు వదిలితే ఏట్లోకి, ఏట్లోంచి ఇంజన్లు తోడితే ఇంకొకడి చెరువులోకి.

బాబాయి ఇంకోసారి వేశాడు, అప్పు చేసి. అదీ పోయింది. ఈలోపు 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తమిళనాడుకి చెందిన జగన్నాథన్ అనే గాంధేయవాది వేసిన కేసు. తీరం దగ్గర నిషేధించిన మేరలో ఉన్న రొయ్యల చెరువులు తీసేయాలని, ఉప్పునీళ్లతో పాడైన పొలాలకి, తాగునీటికి బాధ్యత వహించాలని చెప్పింది. ఆ తర్వాత చట్టాలు మారి, 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చి, చెరువులు మళ్లీ లేచాయి. కానీ బాబాయికి వాటితో పని లేకపోయింది. చెరువు పూడ్చి వరి వేస్తే మొలక ఎర్రబడి మాడిపోయింది, నేల ఉప్పు పట్టేసింది. తెనాలిలో ఒక మిల్లులో గుమాస్తాగా చేరాడు. గొలుసు వేలంలో పోయింది.

అమ్మ, పిన్ని తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. మా ఇంట్లో ఈ కథకి ఒకటే పేరు, "మీ బాబాయి దురాశ". నేనూ అలాగే పెరిగాను. మా అమ్మాయికీ అలాగే చెప్పాను. ఎవరైనా షేర్లనో స్థలాలనో అంటే, "మీ చిన్న తాత రొయ్యల చెరువులా కాకుండా చూసుకో" అనడం మా ఇంట్లో సామెత అయిపోయింది. ఆ పూట ఆ బల్ల దగ్గర కూడా నోటిదాకా వచ్చింది. పిన్ని ఎదురుగా ఉందని మింగేశాను.

తిన్నటి రొయ్య సంగతి ఇదీ. దాన్ని నొబాషి అంటారు, అంటే సాగదీసినది. తల తీసి, తోక ఉంచి, డిప్ప ఒలిచి, పొట్ట వైపు అడ్డంగా చిన్న గాట్లు పెట్టి, వేళ్లతో నొక్కి నరాలు తెంపి కొలబద్ద పొడుగుకి లాగుతారు. అలా చేస్తే నూనెలో ముడుచుకోదు, చిన్న రొయ్య పెద్దదిగా కనిపిస్తుంది. ఇది జపాను బజారు కోసం పుట్టిన పని. ఎగుమతి కర్మాగారాల్లో ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు, చల్లటి గదుల్లో, చేతి తొడుగులు వేసుకుని, ట్రేల్లో వరసలు పేరుస్తూ. ఇది చెప్పగానే పిన్ని నవ్వింది. "అయితే కౌంటు తప్పు చెప్పాను. సాగదీసింది కాబట్టి ముప్పై అనుకున్నా. నలభై ఉంటుంది."

ఇప్పుడు మన చెరువుల్లో టైగర్ తక్కువ. 2009లో అమెరికా పసిఫిక్ తీరపు వనామీ రొయ్యకి అనుమతి ఇచ్చారు, అప్పటినుంచి అదే రాజ్యం. సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. జపాను కూడా ఇదివరకటి జపాను కాదు. అమెరికా, చైనా దాన్ని దాటేశాయి. 2012లో మేతలో కలిపే ఎథాక్సిక్విన్ అనే పదార్థం ఆనవాళ్లున్నాయని మన రొయ్యల మీద జపాను కఠినమైన పరీక్షలు పెట్టింది. కోటి పాళ్లలో ఒక పదో వంతు మించినా వెనక్కే. 2014లో కొంచెం సడలించింది. పెద్ద చేతుల్లో ఉన్న త్రాసు ఎటు మొగ్గితే గట్టు మీద వాడు అటు ఒరగాలి, అప్పుడూ ఇప్పుడూ.

మరి ఆ భోజనం మన హోటళ్లలోకి ఎప్పుడొచ్చింది? చాలా ఆలస్యంగా. సుజుకి వాళ్లతో కలిసి మారుతి మొదటి కారు 1983లో వచ్చింది. తర్వాత టయోటా బెంగళూరు పక్క బిడదికి వచ్చింది. మన రాష్ట్రంలో తడ దగ్గర శ్రీసిటీకి ఇసుజు 2016లో వచ్చింది. ఇంజనీర్లు వచ్చినచోటికి వాళ్ల తిండి వస్తుంది. 2000 తర్వాతి ఏళ్లలో ఢిల్లీ మెట్రోపాలిటన్ హోటల్లోని సకురాకి పేరొచ్చింది. 2004లో ముంబయి తాజ్‌లో వసాబి తెరిచారు, మొరిమొతో అనే వంటవాడి పేరుతో. ఆ తర్వాతే మన నగరాల్లో డబ్బున్నవాళ్లు, ఉద్యోగాల పిల్లలు పుల్లలతో తినడం నేర్చుకున్నారు. మన తీరపు రొయ్య అంతకు ముప్పై ఏళ్ల ముందునుంచీ అక్కడికి పోతూనే ఉంది. వాళ్ల వంట ఇక్కడికి రావడమే కొత్త.

వడ్డించే కుర్రాణ్ణి మా అమ్మాయి అడిగింది, ఇవన్నీ ఎక్కడివని. ఎర్రచేప నార్వేదట. పచ్చి సాల్మన్ సుషీగా తినడం కూడా జపాను వాళ్లకి పాత అలవాటు కాదు, 1980ల్లో నార్వేవాళ్లు పట్టుబట్టి అలవాటు చేశారు. బియ్యం, సోయా, సముద్రపు నాచు జపాను నుంచి. "రొయ్య మాత్రం ఆంధ్రానే మేడమ్" అన్నాడు కుర్రాడు, కాస్త తగ్గించి చెబుతున్నట్టు.

పిన్ని మూడో ముక్క తింటోంది. నాలుగోది పక్కకి పెట్టి, "మీ బాబాయి ఇంత రొయ్య ఎప్పుడూ తినలేదే" అంది. "చెరువులో ఉన్నన్నాళ్లూ చూడటమే. పెద్దవన్నీ ఐసులో పెట్టి లారీకి. తల ఊడినవి, మెత్తబడ్డవి మాకు. ఒకసారి వండుదాం అంటే, వద్దు, ఒక్కోటి పది రూపాయలు, పది రూపాయలు నమిలి మింగుతామా అన్నాడు."

అప్పుడు నేను చదివినదంతా చెప్పాను. దిగుమతి ఆంక్షలు, తైవాన్, రోగం వచ్చిన దారి. ఆయన ఒక్కడి దురాశ కాదు పిన్నీ అన్నాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను.

"ఆశ లేదనేం కాదులే" అంది. "రెండో చెరువు వద్దని నేను చెప్పా. వినలేదు. గొలుసు అడగడానికి మాత్రం నన్ను పంపాడు. మీ అమ్మ ముందు నిలబడింది నేను." కాసేపాగి, "కాకపోతే నష్టం వచ్చిన ప్రతివాడికీ ఆశేనా? మా ఊళ్లో ఆ ఏడు ఎనభై చెరువులు పోయాయి. ఎనభై మందీ ఆశపోతులేనా?" అంది.

మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ఈ మాట ఆవిడ వినాల్సింది.

ఆ రెండున్నర ఎకరాల్లో పిన్నికి మిగిలింది ఎనభై సెంట్లు. దాన్ని ఇప్పుడు ఎవరో వనామీకి లీజుకి తీసుకున్నారు, ఏడాదికింత అని ఇస్తారు. ఆవిడ మందులు దాంతోనే గడుస్తాయి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అందరం మాట్లాడకుండా కూర్చున్నాం. పంజాగుట్ట దాటాక పిన్ని వెనక సీటులోంచి అడిగింది.

"ఆ రాజుగారు ఎప్పుడు పోయాడన్నావే?"

"ఎనభై తొమ్మిది జనవరి పిన్నీ."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"అప్పటికి మేమింకా వరే వేస్తున్నాం" అంది.